రిడ్‌బర్గ్ పరమాణువును లేజరు కాంతితో పట్టి పరిశీలించడం: రుబీడియంతో మొదటి ప్రయోగానికి సమగ్ర మార్గదర్శి

"చల్లని పరమాణువుల మేఘం వచ్చింది, నీలి లేజరు కూడా ఉంది, కానీ రిడ్‌బర్గ్ రేఖ మాత్రం కనబడటం లేదు, ఎక్కడ తప్పు జరిగింది?" అనే ప్రశ్న పరిశోధక విద్యార్థుల నుంచి పదేపదే వస్తూనే ఉంది. చాలా సందర్భాల్లో తప్పు పరికరంలో ఉండదు, పని చేసిన వరుసలో ఉంటుంది. రిడ్‌బర్గ్ స్థాయికి (బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి చాలా దూరంగా ఉండే ఉన్నత శక్తి స్థాయికి) చేరిన పరమాణువు చుట్టుపక్కల ఉన్న ప్రతి చిన్న విద్యుత్ క్షేత్రానికీ స్పందిస్తుంది కాబట్టి, నీలి లేజరు వెలిగించేలోపు పూర్తి కావలసిన పనులే ఈ ప్రయోగంలో ఎక్కువ.

రుబీడియం-87 పరమాణువు ఒక్కదాన్ని ఆప్టికల్ ట్వీజర్‌లో (బిందువుగా కేంద్రీకరించిన లేజరు కిరణపు ఉచ్చులో) పట్టడం, దాన్ని 70ఎస్ స్థాయికి (ప్రధాన క్వాంటం సంఖ్య 70 గల రిడ్‌బర్గ్ స్థాయికి) ఎక్కించడం, ఆ స్థితిలోనే కాసేపు నిలిపి ఉంచి కొలవడం ఈ మార్గదర్శి పరిధి. లేజరు బల్ల మీదా, వాక్యూమ్ పంపులతోనూ కొంత అలవాటు ఉన్నవారి కోసం దీన్ని రాస్తున్నాను.

1. కాగితం మీద తేల్చుకోవలసిన అంకెలు

ప్రధాన క్వాంటం సంఖ్య ఎంత ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. రుబీడియం ఎస్ స్థాయిలకు క్వాంటం డిఫెక్ట్ (లోపలి ఎలక్ట్రాన్ల ప్రభావం వల్ల క్వాంటం సంఖ్య నుంచి తీసివేయవలసిన అంకె) సుమారు 3.13 కనుక, 70ఎస్‌లో లెక్కకు వచ్చే సంఖ్య 70 కాదు, 66.87. దాన్నిబట్టి వచ్చే విలువలు ఇవి:

- ఎలక్ట్రాన్ సగటు దూరం: సుమారు 355 నానోమీటర్లు.
- బంధన శక్తి: సుమారు 3 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే 735 గిగాహెర్ట్జ్ దగ్గర.
- గది ఉష్ణోగ్రతలో జీవితకాలం: సుమారు 150 మైక్రోసెకన్లు.
- ధ్రువణశీలత: వోల్ట్/సెంటీమీటర్ వర్గానికి సుమారు 530 మెగాహెర్ట్జ్ (రేఖ జరుగుదల ఇందులో సగాన్ని క్షేత్రం వర్గంతో గుణిస్తే వస్తుంది).
- రెండు పరమాణువుల మధ్య వాన్ డర్ వాల్స్ గుణకం: సుమారు 862 గిగాహెర్ట్జ్ × మైక్రాన్ ఆరో ఘాతం (దీన్ని దూరం ఆరో ఘాతంతో భాగిస్తే పరస్పర చర్య వస్తుంది).

పరిమాణం క్వాంటం సంఖ్య వర్గం చొప్పున, జీవితకాలం సుమారు ఘనం చొప్పున, ధ్రువణశీలత ఏడో ఘాతం చొప్పున, పరస్పర చర్య పదకొండో ఘాతం చొప్పున పెరుగుతాయి. 50 నుంచి 100కు వెళితే విద్యుత్ క్షేత్రం పట్ల సున్నితత్వం వంద రెట్లకు పైగా పెరుగుతుంది. మొదటి ప్రయోగానికి 100 ఎంచుకోవడం, ఈత రాకముందే వరద గోదావరిలో దిగడం లాంటిదని నా అభిప్రాయం. 50కీ 70కీ మధ్య మొదలుపెట్టి, క్షేత్రాలు అదుపులోకి వచ్చాక పైకి వెళ్లాలి.

2. లేజర్లు: ముందు ఆవిరి గొట్టంలో, తర్వాతే వాక్యూమ్‌లో

కావలసిన లేజర్లు నాలుగు: చల్లబరచడానికి 780 నానోమీటర్లది, దానికి సుమారు 6.6 గిగాహెర్ట్జ్ దూరంలో రీపంప్ (చల్లబరచే చక్రం నుంచి జారిపోయిన పరమాణువులను తిరిగి తెచ్చేది), రిడ్‌బర్గ్ మెట్టు ఎక్కించడానికి 480 నానోమీటర్ల నీలి లేజరు (సాధారణంగా 960 నానోమీటర్ల కాంతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి దీన్ని పొందుతారు), ట్వీజర్ కోసం 850 నానోమీటర్లది.

780 కాంతి కంటికి చాలా మసకగా కనబడుతుంది, కానీ రెటీనాకు చేసే హాని మసకగా ఉండదు. 780కీ 480కీ వేర్వేరు రక్షణ కళ్లద్దాలు కావాలి. ఒకటి పెట్టుకుంటే రెండోదానికీ సరిపోతుందని అనుకోకూడదు.

780 లేజరును సంతృప్త శోషణ పద్ధతిలో లాక్ చేసేటప్పుడు (దాని పౌనఃపున్యాన్ని రుబీడియం రేఖకు కట్టిపెట్టేటప్పుడు) చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తెర మీద అన్నిటికన్నా ఎత్తుగా కనబడే శిఖరమే చల్లబరచే రేఖ అనుకుంటారు. అది రెండు ఎగువ స్థాయిల మధ్య వచ్చే క్రాసోవర్, అసలు రేఖకు 133 మెగాహెర్ట్జ్ కింద ఉంటుంది. దానికి లాక్ చేయడం మంచిదే, అయితే ఆ 133 మెగాహెర్ట్జ్‌ను శబ్ద-కాంతి మాడ్యులేటర్‌తో (శబ్ద తరంగాలతో కాంతి పౌనఃపున్యాన్ని జరిపే పరికరంతో) సరిచేశామో లేదో లెక్క రాసి గోడకు అంటించుకోవాలి.

నీలి లేజరును వాక్యూమ్ గది వైపు మళ్లించే ముందు, సాధారణ రుబీడియం ఆవిరి గొట్టంలో రిడ్‌బర్గ్ రేఖను చూడటం తప్పనిసరి.

- కొద్ది మైక్రోవాట్ల 780 కిరణాన్ని గొట్టం గుండా పంపి ఫొటోడయోడ్ మీద పడేలా అమర్చాలి.
- పదుల మిల్లీవాట్ల 480 కిరణాన్ని ఎదురు దిశ నుంచి, దాని మీదే సరిగ్గా కూర్చేలా పంపాలి.
- 780ను రేఖ మీద లాక్ చేసి, 480ను మెల్లగా స్కాన్ చేయాలి.
- సంకేతం బలహీనంగా ఉంటే నీలి కిరణాన్ని కొన్ని కిలోహెర్ట్జ్ వేగంతో ఆపుతూ వదులుతూ, లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో చదవాలి.

ముందుగా వెతకవలసినవి డి స్థాయిలు, ఎందుకంటే ఎస్ స్థాయిల కంటే వాటి సంకేతం బలంగా ఉంటుంది. 50డి దగ్గర పెద్ద శిఖరం ఒకటి, దాని పక్కన సుమారు 93 మెగాహెర్ట్జ్ దూరంలో చిన్న శిఖరం ఒకటి కనబడతాయి. ఈ జంటే మీ స్కేలు: మధ్య దూరం తెలుసు కనుక, స్కాన్ వోల్టేజీని మెగాహెర్ట్జ్‌లోకి మార్చుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు. ఈ జంటను చూసి గుర్తుపట్టిన తర్వాతే 70ఎస్ వైపు వెళ్లాలి.

ఆవిరి గొట్టంలో రేఖ దొరికాక, రెండు లేజర్లనూ స్థిరమైన ఆప్టికల్ కేవిటీకి (ఎదురెదురు అద్దాల జతకు) లాక్ చేయాలి. ఆవిరి గొట్టానికి మెగాహెర్ట్జ్ స్థాయి స్థిరత్వం చాలు. ఒంటరి పరమాణువుతో పొందికైన డోలనాలు చూడాలంటే కొన్ని కిలోహెర్ట్జ్‌లకు దిగాలి.

వానాకాలం సంగతి ఒకటి. లేజరు డయోడ్‌ను గది మంచుబిందు ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబరిస్తే దాని మీద నీరు చేరుతుంది. తీరప్రాంతంలో ఏసీ ఆగిన పూట ఇది నిమిషాల్లో జరగవచ్చు. తేమ కొలిచే పరికరం ఖరీదు డయోడ్ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

3. వాక్యూమ్ గది: ఒత్తిడి కంటే విద్యుత్ క్షేత్రం ముఖ్యం

ఒత్తిడి 10⁻¹⁰ మిల్లీబార్ ప్రాంతంలో ఉంటే, ట్వీజర్‌లోని పరమాణువు నేపథ్య వాయువు తాకిడికి పోకుండా పదుల సెకన్లు నిలుస్తుంది. దీని గురించి పుస్తకాల్లో చాలా ఉంది, ఇక్కడ పొడిగించను.

పుస్తకాల్లో తక్కువగా దొరికేది విద్యుత్ క్షేత్రం సంగతి. 70ఎస్‌కు 0.1 వోల్ట్/సెంటీమీటర్ క్షేత్రం తగిలితే రేఖ సుమారు 2.6 మెగాహెర్ట్జ్ కిందికి జరుగుతుంది. గాజు మీద చేరిన ఆవేశం, అద్దం మీద పేరుకున్న రుబీడియం పొర, వాటి మీద పడే నీలి కాంతి, ఇవన్నీ కలిసి అంత క్షేత్రాన్ని సులభంగా పుట్టించగలవు. కాబట్టి గది మూసేముందు ఈ కింది వాటిని సరిచూసుకోవాలి:

- పరమాణువుల చుట్టూ మూడు దిశల్లోనూ క్షేత్రాన్ని సరిదిద్దగల ఎలక్ట్రోడ్లు (ఎనిమిది ఉంటే సౌకర్యం) ఉన్నాయా?
- ప్రతి ఎలక్ట్రోడ్‌కూ తీగ బయటివరకూ అందుతోందని మల్టీమీటర్‌తో పరీక్షించారా?
- పరమాణువుకు దగ్గరగా ఉన్న లెన్సుకు పారదర్శక వాహక పూత ఉందా? అది భూమికి కలిసిందా?
- రుబీడియం డిస్పెన్సర్ నోరు లెన్సు వైపు కాకుండా పక్కకు తిరిగి ఉందా?
- నీలి కిరణం లోపలికి వచ్చి, ఏ ఉపరితలాన్నీ తాకకుండా బయటికి పోయే దారి ఉందా?

నేను మొదట పనిచేసిన అమరికలో, ఉదయం పదింటికి ఒకచోట కనబడిన రేఖ మధ్యాహ్నానికి కొన్ని మెగాహెర్ట్జ్ జరిగేది, రాత్రికి మళ్లీ కదిలేది. వారం రోజులు లేజర్ లాక్‌ను అనుమానించి ఎలక్ట్రానిక్స్ అంతా విప్పి చూశాను. చివరికి తేలిందేమంటే, ఒత్తిడి చూసుకోవడానికి వెలిగించిన అయాన్ గేజ్‌ను ఆపడం నేనే మరచిపోతున్నాను. వేడి ఫిలమెంటు ఎలక్ట్రాన్లను వెదజల్లుతూ గాజుకు ఆవేశం ఎక్కిస్తూ ఉంది. కొలతల సమయంలో అయాన్ గేజ్ ఆపి ఉంచాలన్న వాక్యం అప్పటి నుంచి నా ప్రతి చెక్‌లిస్టులో మొదటి వరుసలో ఉంటుంది.

4. మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్, ఆ తర్వాత మొలాసిస్

మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్ అంటే ఆరు లేజరు కిరణాలూ అయస్కాంత క్షేత్రమూ కలిసి పరమాణువులను చల్లబరచి పట్టే ఉచ్చు. అయస్కాంత క్షేత్ర ప్రవణత సెంటీమీటరుకు 10 నుంచి 15 గాస్, చల్లబరచే కాంతి రేఖకు 12 నుంచి 18 మెగాహెర్ట్జ్ కింద, ఆరు కిరణాలకూ సరైన వర్తుల ధ్రువణత, రీపంప్ కొద్ది మిల్లీవాట్లు: ఈ నాలుగూ కుదిరితే మేఘం రాకపోవడం అరుదు. రాకపోతే ముందుగా రీపంప్‌ను, తర్వాత కాయిల్‌లో విద్యుత్ ప్రవాహ దిశను చూడాలి. మేఘం ఉంగరంలా తిరుగుతుంటే ఎదురెదురు కిరణాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం లేదని అర్థం.

తర్వాత ప్రవణతను ఆపి, డిట్యూనింగ్‌ను (రేఖ నుంచి లేజరు దూరాన్ని) 50 మెగాహెర్ట్జ్ దాటించి, కాంతి తీవ్రతను తగ్గిస్తూ ఐదు నుంచి పది మిల్లీసెకన్లు మొలాసిస్ (కాంతితోనే ఇంకా చల్లబరచే దశ) నడపాలి. ఉష్ణోగ్రత 20 నుంచి 30 మైక్రోకెల్విన్లకు దిగాలి. డాప్లర్ హద్దు 146 మైక్రోకెల్విన్ల దగ్గరే ఆగిపోతే, భూమి అయస్కాంత క్షేత్రం పూర్తిగా రద్దు కాలేదని అనుమానించాలి. మూడు జతల కాంపెన్సేషన్ కాయిళ్లను ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోవాలి. మేఘం ఒక పక్కకు జారకుండా, ఉన్నచోటే అన్ని వైపులా సమంగా వ్యాపించడం సరైన సూచన.

5. ఒక్క పరమాణువును ట్వీజర్‌లో పట్టడం

0.5 సంఖ్యా ద్వారం (న్యూమరికల్ అపెర్చర్) గల లెన్సుతో 850 నానోమీటర్ల కిరణాన్ని సుమారు ఒక మైక్రాన్ నడుముకు కేంద్రీకరిస్తే, మూడు నాలుగు మిల్లీవాట్లతోనే ఒక మిల్లీకెల్విన్ లోతు వస్తుంది. పౌనఃపున్యంలో అది 21 మెగాహెర్ట్జ్‌కు సమానం.

ఇంత చిన్న బిందువులో రెండు పరమాణువులు చేరితే చల్లబరచే కాంతి సాయంతో అవి ఢీకొని రెండూ ఎగిరిపోతాయి. అందువల్ల బిందువులో ఉండేది సున్నా లేదా ఒకటి, దాదాపు సగం సార్లు ఒకటి. కెమెరాలో ఆ చోట లెక్కించిన ఫోటాన్ల సంఖ్యను కొన్ని వందల షాట్లకు హిస్టోగ్రామ్‌గా గీస్తే రెండు గుట్టలు స్పష్టంగా విడిపోవాలి. అవి కలిసిపోయి కనబడితే ముందుకు వెళ్లకూడదు. ఇక్కడి నుంచి ప్రతి కొలతా "పరమాణువు ఉందా, లేదా" అనే ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది.

తర్వాత కొద్ది గాస్‌ల స్థిర అయస్కాంత క్షేత్రంలో, పరమాణువును ఎఫ్=2 స్థాయిలో చివరి జీమన్ ఉపస్థాయికి ఆప్టికల్ పంపింగ్ చేయాలి. అది చేరిందో లేదో తోసివేసే కిరణంతో పరీక్షించుకోవాలి. అయస్కాంత క్షేత్రంలోని కరెంటు సరఫరా హోరు ఫలితాలను కదిలిస్తుంటే, ప్రతి షాట్‌ను 50 హెర్ట్జ్ సరఫరా తరంగంలో ఒకే బిందువు దగ్గర మొదలుపెట్టడం చవకైన చికిత్స.

6. రిడ్‌బర్గ్ పల్స్

పరమాణువు 780 కాంతితో మధ్య స్థాయికి, అక్కడి నుంచి 480 కాంతితో రిడ్‌బర్గ్ స్థాయికి వెళుతుంది. ఆ మధ్య స్థాయి 5పి నుంచి కనీసం ఒక గిగాహెర్ట్జ్ దూరంగా రెండు లేజర్లనూ జరపాలి. ఉదాహరణకు 780 వైపు రాబీ పౌనఃపున్యం (కాంతి వల్ల పరమాణువు రెండు స్థాయిల మధ్య ఊగే వేగం) 60, 480 వైపు 40 మెగాహెర్ట్జ్ ఉండి, డిట్యూనింగ్ 1000 మెగాహెర్ట్జ్ అయితే, రెండిటి గుణకారాన్ని డిట్యూనింగ్‌కు రెట్టింపుతో భాగించగా రెండు ఫోటాన్ల రాబీ పౌనఃపున్యం 1.2 మెగాహెర్ట్జ్ వస్తుంది. ఇంకా దగ్గరగా జరిపితే డోలనం వేగంగా కనబడుతుంది, కానీ మధ్య స్థాయి నుంచి వెలువడే కాంతి వల్ల అది త్వరగా చచ్చిపోతుంది.

రెండు కిరణాలనూ ఎదురెదురుగా పంపాలి. 20 మైక్రోకెల్విన్ల పరమాణువుకు డాప్లర్ వ్యాప్తి అప్పుడు సుమారు 35 కిలోహెర్ట్జ్‌కు పరిమితమవుతుంది.

వరుస ఇది:

1. ట్వీజర్ లోతును మెల్లగా తగ్గించి పరమాణువును ఇంకొంత చల్లబరచాలి.
2. ట్వీజర్‌ను పూర్తిగా ఆపాలి.
3. ఐదు మైక్రోసెకన్లలోపు రెండు రంగుల పల్స్ ఇవ్వాలి.
4. ట్వీజర్‌ను మళ్లీ వెలిగించాలి.
5. ఫోటో తీసి పరమాణువు ఉందో లేదో చూడాలి.

నేల స్థాయిలో (అత్యల్ప శక్తి స్థాయిలో) మిగిలిన పరమాణువు తిరిగి దొరుకుతుంది. రిడ్‌బర్గ్ స్థాయికి వెళ్లినదాన్ని ట్వీజరే తోసేస్తుంది, కాబట్టి నష్టమే ఇక్కడ సంకేతం. మొదట పల్స్ లేకుండా ఈ వరుసను నడిపి, తిరిగి దొరికే శాతం 95 దాటుతోందని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత నీలి పౌనఃపున్యాన్ని స్కాన్ చేస్తే ఒకచోట లోయ కనబడుతుంది. దాని మీద నిలబడి పల్స్ వ్యవధిని పెంచుతూ పోతే రాబీ డోలనాలు వస్తాయి.

ఆవిరి గొట్టంలో గుర్తించిన చోటే లోయ ఉంటుందని ఆశించకూడదు. లేజర్ల తీవ్రత వల్ల రేఖ కొన్ని వందల కిలోహెర్ట్జ్ నుంచి ఒక మెగాహెర్ట్జ్ వరకు జరుగుతుంది.

7. విద్యుత్ క్షేత్రాన్ని సున్నా చేయడం

రేఖ దొరికిన రోజునే ఈ పని చేయాలి. ఒక దిశలో ఎలక్ట్రోడ్ వోల్టేజీని ఏడెనిమిది విలువల్లో మారుస్తూ, ప్రతిదానికీ లోయ కేంద్రాన్ని గుర్తించాలి. ఆ బిందువులు బోర్లించిన గిన్నె ఆకారంలో వస్తాయి. గిన్నె పైకొన దగ్గరి వోల్టేజీయే ఆ దిశలో సరైన విలువ.

మూడు దిశలకూ ఇలా చేసి, మళ్లీ మొదటి దిశకు వచ్చి సరిచూడాలి, ఎందుకంటే ఎలక్ట్రోడ్లు ఎప్పుడూ పూర్తిగా ఒకే దిశలో పనిచేయవు. 10 మిల్లీవోల్ట్/సెంటీమీటర్‌కు దిగితే మిగిలే జరుగుదల 26 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఈ కొలతను ప్రతి ఉదయం ఒకసారి చేసి పుస్తకంలో రాసుకుంటే, పైకొన రోజురోజుకూ ఎటు కదులుతోందో చూసి లోపల ఆవేశం చేరుతున్న సంగతి ముందే పసిగట్టవచ్చు.

8. రిడ్‌బర్గ్ స్థితిలోనే పట్టి ఉంచడం

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. నేల స్థాయి పరమాణువు 850 నానోమీటర్ల కాంతి తీవ్రంగా ఉన్నచోటికి ఆకర్షితమవుతుంది. రిడ్‌బర్గ్ ఎలక్ట్రాన్ దాదాపు స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌లా కాంతి క్షేత్రంలో ఊగుతూ, ఆ ఊగుడు శక్తి తక్కువగా ఉండే చీకటి వైపు పోతుంది, కేంద్రకాన్నీ వెంట లాక్కెళుతుంది. లెక్క కట్టి చూస్తే, నేల స్థాయికి ఒక మిల్లీకెల్విన్ గుంట అయిన కిరణం రిడ్‌బర్గ్ పరమాణువుకు అందులో ఆరోవంతు ఎత్తున్న గుట్ట అవుతుంది. 1064 నానోమీటర్ల దగ్గర గుంట లోతూ గుట్ట ఎత్తూ దాదాపు సమానం.

అందువల్ల కావలసింది చుట్టూ వెలుతురు, మధ్యలో చీకటి ఉన్న సీసా ఆకారపు కిరణం. 2020లో ఫ్రాన్స్‌లోని పాలైజోలో ఒంటరి పరమాణువులను మూడు దిశల్లోనూ ఈ పద్ధతిలోనే పట్టారు. స్పేషియల్ లైట్ మాడ్యులేటర్ (కాంతి దశను చోటుచోటుకూ మార్చే తెర) మీద కిరణం మధ్య వృత్తానికి సగం తరంగం దశాభేదం ఇచ్చి, ఆ వృత్తంలోని కాంతీ బయటి కాంతీ కేంద్రం దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా వృత్తం వ్యాసార్థాన్ని సరిచేయాలి.

- ట్వీజర్ ఆపి, పల్స్‌తో రిడ్‌బర్గ్ స్థాయికి ఎక్కించాలి.
- వెంటనే సీసా కిరణాన్ని వెలిగించి, కావలసినంత సేపు ఉంచాలి.
- సీసా కిరణాన్ని ఆపి, రెండో పల్స్‌తో నేల స్థాయికి దించాలి.
- ట్వీజర్ వెలిగించి ఫోటో తీయాలి.

ఇక్కడ దొరికిన పరమాణువే విజయం, అంటే ఆరో భాగంలోని లెక్క తలకిందులవుతుంది. విశ్లేషణ ప్రోగ్రామ్‌లో ఈ గుర్తు మార్చడం మరచిపోయి, ట్రాప్ పనిచేయడం లేదని రోజంతా బాధపడినవాళ్లు ఉన్నారు. ఉంచిన సమయాన్ని పెంచుతూ దొరికే శాతాన్ని గీస్తే, తగ్గుదల కాలం 70ఎస్ జీవితకాలమైన 150 మైక్రోసెకన్ల దగ్గరికి రావాలి. చాలా తక్కువ వస్తే సీసా మధ్యలో చీకటి పూర్తిగా లేదనో, కేంద్రం ట్వీజర్ కేంద్రంతో కలవలేదనో అర్థం. ఈ రెండో లోపమే ఎక్కువగా కనబడుతుంది.

9. తరచూ ఎదురయ్యే లోపాలు

రేఖ సుమారు 24 మెగాహెర్ట్జ్ పైకి జరిగి, వెడల్పుగా ఉంది. పల్స్ సమయంలో ట్వీజర్ ఆగలేదు. నేల స్థాయి 21 మెగాహెర్ట్జ్ కిందికి, రిడ్‌బర్గ్ స్థాయి మూడున్నర పైకి జరగడం వల్ల వచ్చే అంకె ఇది. మాడ్యులేటర్ స్విచ్ ఆలస్యాన్ని ఫొటోడయోడ్‌తో కొలవాలి.

డోలనం లోతు ఎంత ప్రయత్నించినా నూరు శాతానికి చేరదు. గుట్ట నుంచి జారిపోవడానికి పరమాణువుకు పది ఇరవై మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపే కొన్ని నేల స్థాయికి పడిపోయి మళ్లీ పట్టుబడతాయి. ట్వీజర్ వెలిగించే ముందు చిన్న మైక్రోవేవ్ పల్స్‌తో రిడ్‌బర్గ్ పరమాణువును అయనీకరించడం దీనికి మందు.

డోలనాలు మూడు నాలుగు చుట్లకే ఆగిపోతున్నాయి. ముందు పరమాణువు ఉష్ణోగ్రతను, తర్వాత లేజర్ తీవ్రత షాట్ షాట్‌కూ మారుతోందేమో, చివరగా లాక్ సర్క్యూట్ పుట్టించే దశా శబ్దాన్ని చూడాలి. శబ్దం రాబీ పౌనఃపున్యం దగ్గరే గుట్టకట్టి ఉంటే, లేజరును కేవిటీ గుండా వడపోయడమో, లాక్ గెయిన్ మార్చి ఆ గుట్టను దూరంగా జరపడమో చేయాలి.

రెండు పరమాణువులు పెట్టినా ఒకదానికొకటి అడ్డుపడటం లేదు. ఐదు మైక్రాన్ల దూరంలో 70ఎస్ జంట మధ్య పరస్పర చర్య సుమారు 55 మెగాహెర్ట్జ్ ఉండాలి. అప్పుడు రెండూ ఒకేసారి పైకి వెళ్లలేవు, ఉమ్మడి డోలనం ఒంటరిదాని కంటే 1.41 రెట్లు వేగంగా నడుస్తుంది. అలా జరగకపోతే ట్వీజర్ల మధ్య దూరాన్ని కెమెరా పిక్సెళ్లతో మళ్లీ కొలవాలి. కెమెరా మ్యాగ్నిఫికేషన్‌ను లెన్సు కాగితం మీది అంకెతో లెక్కించి ఉంటే, తెలిసిన పరిమాణం గల గీతల పలకతో దాన్ని సరిచూసుకోవాలి.